చేతికి అంటించే షుగర్ సెన్సర్: లో షుగర్ భయం ఉన్న ఇంటి నుంచి ఒక సమీక్ష

షుగర్ ఉన్నవారు చేతికి అంటించుకునే సెన్సర్ల గురించి ఇప్పటికే చాలామంది రాశారు. ఆ సమీక్షల్లో ఎక్కువ భాగం ఏం తింటే షుగర్ ఎంత పెరిగింది, మూడు నెలల సగటు ఎంత దిగింది అన్న లెక్కల చుట్టూ తిరుగుతుంది. కడపలో మా ఇంట్లో దీన్ని కొన్నది ఆ లెక్కల కోసం కాదు. షుగర్ ప్రమాదకరంగా పడిపోతున్నా మనిషి తనంతట తాను గుర్తించలేని స్థితి వచ్చినప్పుడు, ఈ పరికరం ముందుగా చెప్పగలదా లేదా అన్న ఒక్క అవసరం కోసం కొన్నాము. కొన్ని నెలలుగా మా నాయన దీన్ని వాడుతున్నారు కాబట్టి ఆ కోణం నుంచే రాస్తున్నాను.

నాయనకు డెబ్బై ఏళ్లు దాటాయి, షుగర్ మొదలై ఇరవై ఏళ్లు పైబడింది. పొద్దున గ్లిమెపిరైడ్ ఉన్న మాత్ర, రాత్రి ఇన్సులిన్ సూది. తొలి ఏళ్లలో షుగర్ 65 దగ్గరికి వస్తే చాలు, చేతులు వణికి, గుండె దడదడలాడి, ఒళ్లంతా చెమట పట్టేది. ఎక్కడున్నా ఆయనే గుర్తించి ఇంత చక్కెర నోట్లో వేసుకునేవారు. రాను రాను ఆ గుర్తులు ఒక్కొక్కటే మాయమయ్యాయి. మీటర్ 50కి దగ్గరగా చూపుతున్నా ‘నాకేం కాలేదు, బాగానే ఉన్నాను’ అనడం, ఆ అనడంలోనే మాట తడబడటం మా అందరినీ కలవరపెట్టింది. షుగర్ డాక్టరు ఇన్సులిన్ మోతాదు తగ్గించి, సెన్సర్ పెట్టించమని చెప్పింది అందుకే. దీని వెనక ఉన్నది మెదడులోని నాడీకణాల సంగతి. అది తెలిస్తే గాని ఈ పరికరం మంచిచెడ్డలను సరిగా తూచలేము. అందుకని ముందు దాని గురించే కాస్త విస్తారంగా చెబుతాను.

శరీర బరువులో మెదడు వాటా దాదాపు 2 శాతం. విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం ఖర్చు చేసే శక్తిలో మాత్రం సుమారు 20 శాతం దానికే పోతుంది. పెద్దవారి మెదడు రోజుకు దాదాపు 120 గ్రాముల గ్లూకోజ్ వాడుకుంటుంది. కండరాలు, కొవ్వు కణాలు ఇన్సులిన్ ఆజ్ఞ ఉంటే గాని గ్లూకోజ్‌ను పెద్ద ఎత్తున లోపలికి తీసుకోవు. నాడీకణాలకు ఆ ఆజ్ఞ అవసరం లేదు: మెదడు రక్తనాళాల గోడల్లో ఉండే గ్లట్-1, నాడీకణాల పొరలో ఉండే గ్లట్-3 అనే రవాణా ప్రొటీన్లు ఇన్సులిన్‌తో నిమిత్తం లేకుండా గ్లూకోజ్‌ను లోపలికి చేరవేస్తాయి. లోటంతా నిల్వ దగ్గరే ఉంది. కాలేయంలో గ్లూకోజ్ నిల్వ రూపమైన గ్లైకోజెన్‌ను సుమారు 100 గ్రాములు దాచుకోగల శరీరం, మెదడులో అతి స్వల్పంగా మాత్రమే, అదీ ప్రధానంగా నాడీకణాలను అంటిపెట్టుకుని ఉండే ఆస్ట్రోసైట్ కణాల్లో దాస్తుంది. రక్తం నుంచి సరఫరా తగ్గినప్పుడు ఆ కాస్త నిల్వ లాక్టేట్‌గా మారి కొన్ని నిమిషాలు ఆదుకుంటుంది, అంతే.

రోజుల తరబడి తిండి లేనప్పుడు కాలేయం తయారుచేసే కీటోన్లు మెదడుకు ఇంధనమవుతాయని జార్జ్ కాహిల్ బృందం 1967లో నిరూపించింది. కానీ మందు ఎక్కువై షుగర్ పడిపోయినవారికి ఆ దారి కూడా దొరకదు, ఎందుకంటే ఒంట్లో ఎక్కువైన ఇన్సులిన్ కీటోన్ల తయారీనే అణచివేస్తుంది. ఏకాదశికి ఒంటిపూట ఉండే ఆరోగ్యవంతుడికీ, మాత్ర వేసుకుని అదే ఉపవాసం ఉండే షుగర్ మనిషికీ తేడా ఇక్కడే ఉంది. రంజాన్ ఉపవాసాలకు ముందే మందుల వేళలు, మోతాదులు డాక్టరుతో మార్పించుకోవాలని చెప్పడానికీ కారణం ఇదే. మా వీధిలో సగం ఇళ్లలో రోజా ఉంటారు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను.

గ్లూకోజ్ తగ్గినప్పుడు ఒక నాడీకణం ఏం చేస్తుంది? దాని ఖర్చులో అధిక భాగం సోడియంను బయటికి, పొటాషియంను లోపలికి తోసే పంపులకే పోతుంది, ఎందుకంటే ఆ తేడా నిలబడితేనే అది సంకేతం పంపగలదు. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు తగ్గేకొద్దీ చాలా నాడీకణాల్లో, ఏటీపీ ఉన్నంతసేపూ మూసుకుని ఉండే ఒక రకం పొటాషియం ద్వారాలు తెరుచుకుంటాయి. పొటాషియం బయటికి జారిపోయి కణం సద్దుమణుగుతుంది. సంకేతాలు తగ్గితే ఖర్చు తగ్గుతుంది కాబట్టి ఇది ఆత్మరక్షణే. ఇదే రకం ద్వారాలు క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లోనూ ఉన్నాయి. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు చేసే పని వాటిని మూయించి ఇన్సులిన్‌ను విడుదల చేయించడమే. రక్తంలో షుగర్ ఉందా లేదా అని చూడకుండా ఆ మాత్ర ఇన్సులిన్‌ను వదిలించగలదు. తిండి ఆలస్యమైన పూట షుగర్ పడిపోవడం అందుకే జరుగుతుంది.

అన్ని నాడీకణాలూ సద్దుమణిగితే అపాయం సంగతి ఎవరు చెప్పాలి? మెదడు అడుగుభాగంలో ఉండే హైపోథలామస్‌లో దానికోసం ప్రత్యేకమైన కణాలున్నాయి. గ్లూకోజ్ పెరిగితే చురుకయ్యేవి కొన్ని, గ్లూకోజ్ తగ్గితే చురుకయ్యేవి మరికొన్ని. ఢిల్లీ ఎయిమ్స్‌లో బి.కె. ఆనంద్ బృందం 1964లోనే జంతువుల హైపోథలామస్‌లో ఒక్కొక్క నాడీకణం విద్యుత్ చర్యను నమోదు చేసి, గ్లూకోజ్‌ను బట్టి అది మారుతుందని చూపింది. అదే కాలంలో జపాన్‌లో ఊమురా కూడా ఈ దారిలోనే పనిచేశారు. ఈ రంగానికి పునాది వేసినవారిలో మన దేశ శాస్త్రవేత్తలు ఉన్నారన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో మరింత గట్టిగా చెప్పవలసినది.

ఆ కణాలు ఇచ్చే హెచ్చరికతో శరీరం మెట్లు మెట్లుగా స్పందిస్తుంది. ఆరోగ్యవంతుల్లో షుగర్ 80 నుంచి 85 మధ్యకు దిగగానే ఇన్సులిన్ విడుదల తగ్గిపోతుంది. 65 నుంచి 70 మధ్య గ్లూకగాన్, అడ్రినలిన్ అనే హార్మోన్లు లేచి, కాలేయం నుంచి గ్లూకోజ్‌ను బయటికి రప్పిస్తాయి. ఇంకా దిగితే వణుకు, దడ, చెమట, ఆకలి పుట్టి మనిషిని తిండి వైపు నడిపిస్తాయి. 50 దాటి కిందికి పోతే ఆలోచన మందగిస్తుంది, చూపు మసకబారుతుంది, చిరాకు, తికమక, మాట తడబాటు మొదలవుతాయి. అంతకన్నా దిగితే ఫిట్స్, స్పృహ తప్పడం. షుగర్ 20కి అటూ ఇటూగా పడిపోయి, మెదడు విద్యుత్ చర్య ఆగిపోయినంత స్థితి కొనసాగితే ఆస్పార్టేట్ వంటి ఉత్తేజక రసాయనాలు పోటెత్తి, కణాల్లోకి కాల్షియం చొరబడి, నాడీకణాలు చనిపోవడం మొదలవుతుంది. జ్ఞాపకానికి ముఖ్యమైన హిప్పోకాంపస్, మెదడు పైపొర ముందుగా దెబ్బతింటాయి. చిన్నమెదడు, మెదడు కాండం చాలావరకు తట్టుకుంటాయి. సకాలంలో షుగర్ ఎక్కించిన వారిలో అత్యధికులు పూర్తిగా కోలుకుంటారు.

నాయన విషయంలో జరిగింది ఈ మెట్ల వరుస చెదిరిపోవడం. ఏళ్లు గడిచేకొద్దీ షుగర్ ఉన్నవారిలో గ్లూకగాన్ స్పందన తగ్గుతుంది. షుగర్ తరచుగా పడిపోతుంటే హెచ్చరిక మొదలయ్యే అంకె కిందికి జారుతుంది: ఒక్కసారి షుగర్ పడినా మరునాటి అడ్రినలిన్ స్పందన మందగిస్తుందని ఫిలిప్ క్రయర్ బృందం వివరంగా చూపింది. నిద్రలో ఆ స్పందన ఇంకా బలహీనం. చివరికి ఆలోచన దెబ్బతినే అంకె ముందు వస్తుంది, వణుకు, దడ పుట్టే అంకె తరువాత వస్తుంది. అంటే తనకు ఏదో అవుతోందని గ్రహించవలసిన మెదడే అప్పటికి గ్రహించే స్థితిలో ఉండదు. బీపీకో గుండెకో బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారిలో వణుకు, దడ మరింత కప్పబడిపోతాయి, చెమట ఒక్కటే గుర్తుగా మిగులుతుంది. 40 డిగ్రీలు దాటే కడప ఎండల్లో ఆ చెమటను ఉక్కపోత అనుకోని ఇల్లు ఉండదు. ఇంత ప్రమాదంలోనూ ధైర్యమిచ్చే విషయం ఒకటుంది. రెండు మూడు వారాలపాటు షుగర్ అసలు పడిపోకుండా జాగ్రత్తపడితే, పోయిన హెచ్చరికలు చాలామందిలో మళ్లీ చాలావరకు తిరిగి వస్తాయి. ఈ సెన్సర్‌ను మేము కొన్నది ఆ రెండు మూడు వారాలను సాధించడానికే.

ఇక పరికరం సంగతి. భుజం వెనక అంటించే ఈ బిళ్ల కింద వెంట్రుక అంత సన్నని తీగ చర్మంలోకి అర సెంటీమీటరు మేర దిగుతుంది. దానిమీద పూసిన గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము కణాల మధ్య ద్రవంలోని గ్లూకోజ్‌తో చర్య జరిపితే పుట్టే విద్యుత్తును కొలిచి, బ్లూటూత్ ద్వారా ఫోన్‌కు అంకె పంపుతుంది. అంటించేటప్పుడు నొప్పి నామమాత్రం. మేము వాడే రకం 14 రోజులు పనిచేస్తుంది. అంకె పక్కన బాణం గుర్తు ఉంటుంది. షుగర్ నిలకడగా ఉందా, దిగుతోందా, వేగంగా దిగుతోందా అన్నది దానివల్ల తెలుస్తుంది. నా దృష్టిలో ఈ పరికరంలో అత్యంత విలువైనది ఆ బాణమే. 95 అన్న అంకె చూసి మీటర్ వాడేవారు నిశ్చింతగా పడుకుంటారు. 95 పక్కన కిందికి దిగే బాణం ఉంటే అర్ధరాత్రికి ఎక్కడికి చేరుతుందో ఊహించవచ్చు.

అలారం విషయంలో పూర్తి మార్కులు ఇస్తాను. డాక్టరు సలహాతో మేము దాన్ని 70 దగ్గర కాకుండా 80 దగ్గర పెట్టాము. కారణం ఆలస్యం. సెన్సర్ కొలిచేది రక్తాన్ని కాదు కాబట్టి రక్తంలో వచ్చిన మార్పు దానికి అందడానికి మామూలుగా అయిదు పది నిమిషాలు పడుతుంది. షుగర్ వేగంగా దిగుతున్నప్పుడు సెన్సర్ 75 చూపితే రక్తంలో అంతకన్నా తక్కువే ఉండవచ్చు. ఆ తేడాను ముందే లెక్కలో వేసుకుని హద్దు పెంచడం మంచిది. తెల్లవారుజామున అలారం మోగిన ప్రతిసారీ వేలి చుక్కతో సరిచూశాము. చాలాసార్లు మీటర్ కూడా తక్కువే చూపింది. అలారం లేకపోతే ఆ సంగతి పొద్దున సంగటి వేళ వరకు ఎవరికీ తెలిసేది కాదు.

ఇదే ఆలస్యం కోలుకునేటప్పుడు ఇంకో రకంగా తప్పుదారి పట్టిస్తుంది. చక్కెర తిన్న పావుగంటకు రక్తంలో షుగర్ 90 దాటినా సెన్సర్ ఇంకా 60 దగ్గరే చూపుతుండవచ్చు. కంగారులో మళ్లీ మళ్లీ తినిపిస్తే తెల్లారేసరికి 280 అవుతుంది. అందుచేత లో షుగర్‌కు చక్కెర ఇచ్చాక పావుగంటకు చూడవలసింది సెన్సర్‌లో కాదు, మీటర్‌లో. పెట్టెలో ఇచ్చే పుస్తకంలో ఈ మాట ఉంది, కానీ చిన్న అక్షరాల్లో, ఇంగ్లిషులో ఉంది. కొనేవారిలో ఎంతమందికి అది చేరుతుంది? తెలుగులో ఒక్క పుట వివరణ లేకపోవడాన్ని నేను పెద్ద లోపంగానే పరిగణిస్తున్నాను.

మరో లోపం, ఒత్తిడి వల్ల వచ్చే తప్పుడు అలారాలు. సెన్సర్ ఉన్న చేతిమీదికి ఒత్తిగిలి పడుకుంటే ఆ చోట ద్రవం కదలిక తగ్గి, నిజంగా 110 ఉన్నా 60 అని చూపుతుంది. నాయన కుడిపక్కకు తిరిగి పడుకుంటారు కాబట్టి ఎడమ చేతికి మార్చాక ఈ బాధ దాదాపు తీరింది. అంటించిన మొదటి రోజు అంకెలు కూడా కొంత అటూ ఇటూ ఉంటాయి. ఆ రోజు మీటర్‌నే నమ్మాలి. కొన్ని రకాల సెన్సర్లలో విటమిన్ సి మాత్రలు, మరికొన్నింటిలో పారాసిటమాల్ అంకెలను తప్పుగా చూపిస్తాయి. ఏ రకం కొంటున్నామో దాన్నిబట్టి అడిగి తెలుసుకోవాలి.

కడప ఎండలకు ఇది తట్టుకుంటుందా అని చాలామంది అడిగారు. చర్మం మీద ఉన్నంతసేపూ అంకెల్లో తేడా మాకు కనిపించలేదు, కానీ జిగురు మాత్రం మే నెల చెమటకు అంచుల దగ్గర లేచిపోయింది. అంటించే ముందు చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనిచ్చి, కొబ్బరినూనె దరిదాపులకు రానీయకుండా చూసి, పైన గుండ్రటి టేపు వేస్తే 14 రోజులూ నిలిచింది. వాడని సెన్సర్లను, మీటర్ స్ట్రిప్పులను, ఇన్సులిన్‌ను ఎండాకాలంలో బీరువాలోనో, బండి డిక్కీలోనో పెట్టకూడదు. ఎండలో సూది వేసిన చోట చర్మం వేడెక్కితే ఇన్సులిన్ త్వరగా ఒంటికి పట్టి షుగర్ తొందరగా దిగుతుందన్నది కూడా మనలాంటి ఊళ్లవారు గుర్తుంచుకోవాలి. మేము ఏడు రోడ్ల కూడలి దగ్గరి మెడికల్ షాపులో ముందుగా చెప్పి తెప్పించుకుంటాము. ఫ్రిజ్‌లోనో చల్లని గదిలోనో ఉంచి ఇచ్చే షాపు అయితేనే కొనండి.

ఫోన్ దూరం ఇంకొక సమస్య. సెన్సర్‌కూ ఫోన్‌కూ మధ్య ఒకటి రెండు గోడలు అడ్డొస్తే సంబంధం తెగిపోతుంది. ఎండాకాలం మిద్దె మీద పడుకునే నాయనకు ఫోన్ కింద గదిలో ఉంటే ఉపయోగం లేదు. అది ఆయన దిండు పక్కనే ఉండాలి. అదే అంకెను ఇంట్లో మరొకరి ఫోన్‌లో కూడా చూసుకునే సౌకర్యం ఉంది. మా చెల్లెలు ప్రొద్దుటూరులో ఉంటూనే అలారం విని మాకు ఫోన్ చేసిన రాత్రులు ఉన్నాయి. నిద్ర గాఢంగా పట్టే ఇంటివారు ఈ సౌకర్యం తప్పక పెట్టించుకోవాలి.

అలారం మోగాక ఏం ఇవ్వాలన్నది పరికరం చెప్పదు, కానీ అది తెలియకపోతే పరికరం ఉన్నా ఫలం తక్కువ. స్పృహలో ఉండి మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజ్, అంటే మూడు చెంచాలు నిండుగా, నీళ్లలో కలిపి ఇచ్చి పావుగంట ఆగి చూడాలి; ఇంకా 70 దాటకపోతే మళ్లీ అంతే. చాక్లెట్, పాలకోవా, నేతి ఓళిగ వంటివి పనికిరావు, వాటిలోని కొవ్వు గ్లూకోజ్‌ను రక్తంలోకి ఆలస్యంగా చేరనిస్తుంది. మరొక ముఖ్యమైన మాట. మన దగ్గర చాలామందికి ఇచ్చే మూడు మందుల మాత్రల్లో మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్‌లతో పాటు వోగ్లిబోస్ కూడా ఉంటుంది. వోగ్లిబోస్ పేగుల్లో చక్కెరను విడగొట్టే ఎంజైములనే అడ్డుకుంటుంది కాబట్టి, ఆ మాత్ర వాడేవారికి మామూలు చక్కెర తొందరగా పనిచేయదు. నేరుగా గ్లూకోజ్ పొడే ఇవ్వాలి. మాత్రల అట్ట మీద ఆ పేరు ఉందో లేదో ఇప్పుడే చూసుకుని, ఉంటే గ్లూకోజ్ పొడి డబ్బా ఇంట్లో ఒకటి, బండిలో ఒకటి పెట్టుకోవాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. గ్లిమెపిరైడ్ వంటి మాత్రల వల్ల పడిన షుగర్, ఒకసారి పెంచినా గంటల తరువాత మళ్లీ పడిపోగలదు, మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో మరీను. సెన్సర్ షుగర్ మామూలుగా ఉందని పచ్చరంగు చూపిందని ఆసుపత్రి నుంచి తొందరపడి తీసుకురావద్దు.

ఫలితం విషయానికి వస్తే, మోతాదు తగ్గించి, రాత్రి పడుకునే ముందు బాణాన్ని బట్టి ఒక గ్లాసు పాలో, రెండు బిస్కెట్లో ఇవ్వడం అలవాటు చేశాక, 70 కిందికి దిగే రాత్రులు బాగా తగ్గిపోయాయి. కొన్ని వారాల తరువాత ఒక మధ్యాహ్నం అలారం మోగకముందే నాయన తానే ‘చేతులు వణుకుతున్నాయి, షుగర్ చూడండి’ అన్నారు. మీటర్‌లో 68 ఉంది. ఆ వణుకు చూసి మా అమ్మ కళ్లు తుడుచుకుంది. ఈ మెరుగుదలలో డాక్టరు మోతాదు మార్చడానిదే పెద్ద వాటా. ఏ రాత్రి ఎంత మార్చాలో చూపిన ఘనత మాత్రం సెన్సర్‌దే.

అయిదుకు నాలుగు ఇస్తాను. ఆ ఒక్క మార్కు తగ్గించడానికి తెలుగు వివరణ లేకపోవడం, జిగురు కొంత కారణమైనా, ధర ప్రధాన కారణం. ఒక్కో సెన్సర్‌కు వేల రూపాయలు, నెలకు రెండు. పింఛను మీద బతికే ఇంటికి ఇది నెలనెలా మోయగల ఖర్చు కాదు. అందరికీ అవసరమూ లేదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం అరుదు కాబట్టి, వారు ఈ డబ్బును వేరే అవసరాలకు వాడుకోవచ్చు. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ రకం మాత్రలు గానీ వాడుతూ, లో షుగర్ గుర్తులు తెలియకుండా పోయినవారు, ఒంటరిగా ఉండే పెద్దవారు ముందు వరుసలో ఉండాలి. నెలనెలా భరించలేనివారు మందు మోతాదు మార్చిన వెంటనే ఒక్క సెన్సర్ పెట్టించుకుని, ఆ 14 రోజుల నివేదికను డాక్టరుకు చూపి, మిగతా రోజుల్లో రాత్రి పడుకునే ముందు, అప్పుడప్పుడు తెల్లవారుజామున మూడింటికి మీటర్‌తో చూసుకుంటే చాలావరకు ప్రయోజనం దక్కుతుంది. కొనే ముందు మీ ఫోన్ మోడల్ ఆ సెన్సర్ యాప్‌కు పనికొచ్చే జాబితాలో ఉందో లేదో షాపులోనే చూపించుకోండి. పెట్టె తెరిచాక వాపసు తీసుకోరు.